నేను వేయించిన దురాయి

పోయిన నెల నెల్లూరులో ఒక సాంస్కృతిక సంఘం వాళ్ళు నన్ను పిలిచి పురస్కారం ఇచ్చారు. శాలువా కప్పారు, మెడకు మించిన దండ వేశారు, గాజు పలక ఒకటి చేతికిచ్చారు. సముద్రపు పాటలను సేకరించి పుస్తకంగా తెచ్చినందుకట. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సూదులు వేసి ఏడిపించిన మనిషికి పాటల పేరుతో అవార్డు రావడం నాకే విచిత్రంగా ఉంది. మా ఆయనైతే ఆ గాజు పలకను ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చినవాళ్ళందరికీ తానే రాసినట్టు చూపిస్తున్నాడు.

పేపర్లో ఫోటో చూసి, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మాయిలు చాలామంది ఫోన్ చేశారు. పాటలెట్టా రాసినారు మేడం, మీకు తీరికెక్కడిది అని అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి పెట్టేశాను. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన రోజున సభలోనూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

నా చివరి పోస్టింగు ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు దగ్గరగా ఉన్న ఒక పాళెంలో. సముద్రం మీద బతికే ఊరు. రెండు వీధులు, ఒక గంగమ్మ గుడి, గుడి ముందు ఇసక, ఆ ఇసక దాటితే నీళ్ళు. మా సబ్ సెంటరు కిటికీ తీస్తే మందుల వాసన పోయి ఎండుచేపల వాసన వచ్చేది. రిటైర్‌మెంటుకు ఏడాదిన్నర ఉందనగా కరోనా వచ్చింది. అందరికీ వచ్చినట్టే మాకూ వచ్చింది.

మొదట్లో నా మాట ఎవరూ వినలేదు. చేపల వేలం దగ్గర ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తూ నిలబడేవారు. ముగ్గుపిండితో ఇసకలో గుండ్రాలు గీసి, ఒక్కొక్కరు ఒక్కోదాంట్లో నిలబడండయ్యా అంటే, పూట తిరిగేలోపు గాలికి గుండ్రాలు పోయేవి. నేను గొంతు చించుకుంటే నవ్వుతూ మాస్కు గడ్డం కిందకు లాక్కుని మరీ నాతో మాట్లాడేవారు. మాస్కుంటే మాట సరిగ్గా వినబడదని వాళ్ళ మర్యాద.

నాకు తోడుగా ఒక ఆశా కార్యకర్త ఉండేది. ఆ పాళెంలోనే పుట్టి, ఆ పాళెంలోనే కాపురం చేస్తున్న పిల్ల. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, ఓర్పులో ఇరవై ఏళ్ళు పెద్దది. నేను అరుస్తుంటే ఆమె ఊరుకునేది. నేను వెళ్ళిపోయాక ఒక్కొక్క ఇంటి ముందూ నిలబడి నిదానంగా నచ్చజెప్పేది. ఇద్దరి జీతాలు చూస్తే మాత్రం ఎవరు ఎక్కువ పని చేస్తున్నారో తెలిసేది కాదు.

అప్పుడు నా బుర్రకు ఒక ఆలోచన తట్టింది. అక్కడే నేను పప్పులో కాలేశాను.

దురాయి అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా తీరంలోని పాళేల్లో కాపులని పెద్దమనుషులు ఉంటారు. ఫలానా రోజు వేటకు పోకూడదు, ఫలానా వల వేయకూడదు అని వాళ్ళు కూర్చుని ఒక మాట అనుకుని, గుడి ముందు అందరినీ చేర్చి చెప్పి, వీధుల్లో చాటిస్తారు. ఆ కట్టుబాటే దురాయి. పోలీసు మాట దాటినవాళ్ళను చూశాను, మా డాక్టరు మాట దాటినవాళ్ళను రోజూ చూశాను. దురాయి దాటినవాళ్ళను మాత్రం ఆ పాళెంలో నేను ఒక్కరినీ చూడలేదు.

ఇంత మంచి ఆయుధం ఊళ్ళోనే ఉంటే నేను ముగ్గుపిండి పట్టుకుని తిరగడమేమిటి అనిపించింది. జ్వరం వచ్చిన ఇంటికి ఎవరూ పోకూడదని కాపుల చేత దురాయి వేయిద్దామని ఆశా పిల్లతో అన్నాను. ఆమె మొహం మారిపోయింది.

"దురాయి వొద్దక్కా. ఇల్లిల్లూ తిరిగి మనమే జెప్పుకుందాం. ఇంకో వారం పట్టినా పర్లేదు."

ఇల్లిల్లూ తిరిగి నా మోకాళ్ళు అరిగాయి గాని వీళ్ళు మారలేదన్నాను. ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే చెప్పులు వేసుకున్నాను.

పెద్దకాపు వాళ్ళింటి పంచలో దూరంగా నిలబడి అడిగాను. దురాయి ఊరికే వెయ్యరమ్మా, వేస్తే గట్టిగా ఉంటుంది అన్నాడాయన. గట్టిగానే ఉండాలి అన్నాను నేను, బేరం కుదిరినంత ఆనందంగా. మర్నాడు పొద్దున్నే గుడి ముందు జనాన్ని చేర్చి చెప్పారు, తర్వాత చాటింపు వేశారు. జ్వరం తగిలిన మనిషికి ఊరితో పొత్తు లేదు, మాట లేదు, ఇచ్చిపుచ్చుకోవడం లేదు, దాటినవాళ్ళు జరిమానా కట్టాలి, ఇది నర్సమ్మ అడిగిన దురాయి అని. మాట లేదు అన్న ముక్క నేను అడగలేదు. విన్నాను కూడా. చాటింపులో నా పేరు వచ్చిన సంతోషంలో ఆ ముక్క చెవిన పడి జారిపోయింది.

వారం తిరక్కుండా వీధులు ఖాళీ అయ్యాయి. వేలం దగ్గర జనం పలచబడ్డారు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు కుర్రవాడు, మంచివాడు, నిద్రలేక కళ్ళు వాచిపోయి ఉండేవాడు. ఆయన మీటింగులో నన్ను లేపి నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించాడు. సముద్రం పక్కన పనిచేసే మిగతా నర్సులను కూడా ఇలాగే చేయమన్నాడు. నేను వాళ్ళకు ఎలా అడగాలో కూడా నేర్పాను. అవార్డు ఇప్పుడొచ్చిందనుకుంటున్నారు గాని, మొదటి చప్పట్లు నాకు ఆ రోజే పడ్డాయి.

ఆ తర్వాత ఊళ్ళో మొదట జ్వరం పడింది పాటపెద్దకు.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊళ్ళో ఒడ్డున నిలబడి లాగే పెద్దవల ఒకటుంది. వలను పడవలో తీసుకుపోయి అర్ధచంద్రంగా సముద్రంలో వదిలి, రెండు చివర్ల తాళ్ళను ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడుకు ఇరవై ముప్పై మంది పట్టుకుని లాగుతారు. రెండు తాళ్ళూ ఒకే లెక్కన రావాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వస్తే వల పక్కకు తిరిగి చేపంతా జారిపోతుంది. ఆ లెక్క తప్పకుండా ఉండటానికే పాట. ఒక మనిషి రెండు తాళ్ళకూ మధ్య ఇసకలో కూర్చుని పాట ఎత్తుకుంటే, రెండు వైపులవాళ్ళూ ఏలేలో అని అందుకుంటూ లాగుతారు. ఆ కూర్చునే మనిషే పాటపెద్ద. తాడు ముట్టుకోకపోయినా, లాగినవాళ్ళతో సమానంగా ఆయనకు చేపల్లో ఒక వాటా ఉంటుంది. పాటకు వాటా. నా ఉద్యోగంలో ఎన్నో రకాల అలవెన్సులు చూశాను గాని ఇంత న్యాయమైనది చూడలేదు.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. భార్య ఎప్పుడో పోయింది. కొడుకూ కోడలితో ఉండేవాడు. జ్వరం మరీ ఎక్కువ కాదు. నెల్లూరులో పడకలు దొరకని రోజులు. ఇంట్లోనే విడిగా ఉంచమన్నారు డాక్టరు గారు. ఇంటి పక్కనే వలలు పెట్టుకునే కొట్టం ఉంటే దాన్ని ఊడ్చి మంచం వేశాము. కోడలు అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్ళిపోవాలి. కొడుకు నీళ్ళు పెట్టి వెళ్ళిపోవాలి. నేను రోజూ తెల్ల సూటు తొడుక్కుని వెళ్ళి, వేలికి మిషను పెట్టి ఊపిరి లెక్క చూసి, మాత్రలు ఇచ్చి వచ్చేదాన్ని.

మొదటి రోజు నుంచే ఆయన నాతో మాట్లాడలేదు. పెద్దాయనా, దగ్గు ఎట్టా ఉంది అంటే గోడ వైపు తిరిగేవాడు. వేలు చాపమంటే చాపేవాడు, నోరు మాత్రం విప్పేవాడు కాదు. నాకు కోపం వచ్చింది. ఇంతకుముందు నన్ను చూస్తే చాలు, సూదుల దొరసాని వచ్చిందని కొత్తగా పాట కట్టి మరీ ఆటపట్టించే మనిషి! రిజిస్టరులో "రోగి సహకరించుట లేదు" అని రాశాను.

ఊరివాళ్ళు నేను చెప్పిన దానికంటే ఎక్కువే పాటిస్తున్నారు. ఆ కొట్టం ముందు నుంచి పోయేవాళ్ళు తల తిప్పుకుని పోతున్నారు. ఎదురింటివాళ్ళు కిటికీ మూశారు. కోడలు అన్నం పెట్టి ఒక్క పలుకు కూడా పలక్కుండా వెనక్కి తిరుగుతోంది. ఎంత క్రమశిక్షణ అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఎనిమిదో రోజుకు జ్వరం లేదు. దగ్గు తగ్గింది. ఊపిరి లెక్క బాగుంది. మనిషి మాత్రం చిక్కిపోయి మంచానికి అతుక్కున్నాడు. లేచి నిలబడితే కాళ్ళు వణికాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పళ్ళెం ఖాళీగానే ఉంటోంది మరి, తిన్నది ఎక్కడికి పోతోందో అర్థం కాలేదు. డాక్టరు గారికి ఫోన్ చేసి, మాట పడిపోయినట్టుంది, మతి కూడా తప్పుతోందేమో అని చెప్పాను. ఆయన కంగారుపడి, రేపు పొద్దున ఆంబులెన్స్ పంపిస్తాను, నెల్లూరుకు తరలిద్దామన్నాడు. కొడుక్కి ఆ మాట చెబితే అతను నేల చూస్తూ, ఆంబులెన్స్ ఎక్కిస్తే మా నాయన తిరిగి రాడు నర్సమ్మా అని మాత్రం అన్నాడు. భయం కొద్దీ అన్నాడనుకున్నాను.

సబ్ సెంటరుకు వచ్చి సూటు విప్పుతుంటే ఆశా పిల్ల గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఆయనకు మతీ పోలా, మాటా పోలా. దురాయిలో ఉన్నోడు పలికితే, పలకరించినోళ్ళకు జరిమానా పడతాది. నువ్వు ఊరికి కాని మనిషివి, నీకు పడకూడదని నోరు మూసుకోనుండాడు."

మరి అన్నం సంగతి ఏమిటని అడిగాను.

"కోడలు పెట్టిన కూడు తింటే ఆ పిల్ల మీద పడతాదని వెనకాల కంతలో నుంచి కాకులకు వేస్తుండాడు. నీళ్ళు మాత్రం తాగుతుండాడు. నేను చూసినా."

ఇదంతా ఊళ్ళో ఎంతమందికి తెలుసని అడిగాను. అందరికీ తెలుసంది. పాటపెద్ద చిన్నతనంలో ఆయన మేనమామ దురాయి దాటి వేటకు పోతే ఒక వేటకాలం మొత్తం ఆ ఇంటితో ఎవరూ మాట్లాడలేదట. ఆయన చిన్నపిల్లవాడిగా అది చూసినవాడు. మరి నాతో ఒక్కరూ ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"నువ్వే గదక్కా వేయించింది. అన్నీ తెలిసే వేయించినావనుకున్నారు."

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాను, ఆ గొడ్డలి ఒక ముసలాయన మెడ మీద పెట్టాను. ఆరడుగుల దూరం ఉండమని చెప్పాను గాని, ఆ దూరం నుంచి పలకరించుకోమని ఎవరికీ చెప్పలేదు. నా బ్యాగులో జ్వరానికి మాత్ర ఉంది, దగ్గుకు మందు ఉంది. మాటలేకపోతే మనిషి ఎండిపోతాడని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. చెప్పక్కర్లేకుండానే తెలియాలి. ఆ పిల్లకు తెలుసు. చెప్పబోతే నేను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

అటునుంచి అటే పెద్దకాపు ఇంటికి పోయాను. దురాయి ఎత్తేయండయ్యా అన్నాను. ఎత్తడానికి పద్ధతి ఉంది అన్నాడాయన. వేసినప్పుడు విన్న ఊరంతా ఎత్తినప్పుడూ వినాలి. అడిగి వేయించినవాళ్ళు అందరి ముందూ నిలబడి నా వల్ల పొరపాటు జరిగిందని చెప్పాలి. అప్పుడే చాటింపు.

చెబుతానన్నాను. ఆయన మీసం కింద చిన్నగా నవ్వాడు.

"ఊరంతా ఒకచోట జేరొద్దని జెప్పింది నువ్వే గదమ్మా."

నా చట్టం నాకే అడ్డొచ్చింది. రేపు పొద్దున ఆంబులెన్స్ వస్తుంది. ముసలాయన దురాయిలో ఉండగా బండి ఎక్కిస్తే, ఊరు తనను వెళ్ళగొట్టిందనే ఆయన అనుకుంటాడు. కొడుకు అన్న మాట అప్పుడు అర్థమైంది. నెల్లూరులో ఏ మందు ఎక్కించినా బతకాలన్న కోరిక ఎక్కించలేరు. నేను అక్కడే ఏడ్చాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో రోగుల ఎదుట ఏడవలేదు, కాపుల ఎదుట ఏడ్చాను.

పెద్దవల తాడు పరుద్దాం లే అన్నాడు పెద్దకాపు. ఆ తాడు చాలా పొడుగు. పాటపెద్ద కొట్టం గడప నుంచి నీళ్ళ దాకా పరిస్తే, మనిషికీ మనిషికీ రెండు బారల ఎడం ఇచ్చి ఊరంతా నిలబడొచ్చు. తాడు పట్టుకుని నిలబడటం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. నేను నెల రోజులు ముగ్గుపిండితో సాధించలేనిది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి తాడు పరిచారు. కొట్టం ముందు నుంచి ఇసక మీదుగా తడి ఒడ్డు దాకా, రెండేసి బారలకు ఒక మనిషి. ఆడవాళ్ళు కొంగు, మగవాళ్ళు తువ్వాలు మూతికి కట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ తగల్లేదు. ఒక్కరు కూడా లెక్క తప్పలేదు. నేను తెల్ల సూటులో నిలబడ్డాను.

మొహం కనబడకుండా చెప్పే మాట చెల్లదు అన్నాడు పెద్దకాపు.

ఫోన్ చేసిన నర్సు చెల్లెళ్ళూ, ఇక్కడ నేను చేసింది మీరు చేయకండి. అందరికీ ముప్పై అడుగుల దూరం పోయి, నా మాట వాళ్ళకు చేరి నా ఊపిరి చేరనట్టు గాలికి అడ్డంగా నిలబడి, టోపీ తీసి, మాస్కు దించాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. చెమటకు జుట్టంతా అతుక్కుపోయి ఉంటుంది. దురాయి అడిగింది నేను, అడగకూడనిది అడిగాను, పెద్దాయనకు అన్యాయం చేశాను, నన్ను క్షమించి ఎత్తేయండి అని చెప్పాను. మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడినదాన్ని, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాలేదు.

చాటింపు మనిషి తాడు వెంట నడుస్తూ దురాయి ఎత్తేసినామని అరిచాడు. నీళ్ళ దాకా పోయి వెనక్కి వచ్చాడు. కొట్టంలో నుంచి ఏ అలికిడీ లేదు. ఆశా పిల్ల చేతులు నలుపుకుంటోంది. ఇంతలో పాటపెద్ద గడప పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆయన గొంతు విన్నాను.

"ఇప్పుడు పలకొచ్చునా?"

"పలుకు మామా," అన్నాడు పెద్దకాపు.

ఆయన మొదట నా వైపు చూడలేదు, ఊరి వైపు చూడలేదు. కోడలి వైపు చూశాడు.

"నిన్న పెట్టిన కూడుంటే అదే పెట్టమ్మా. చల్లారిపోయినా పర్లేదు."

ఆ పిల్ల భోరుమని ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తింది. ఆయన గడపలో కూర్చుని గంజన్నం తింటుంటే ఊరంతా తాడు పట్టుకుని చూసింది. సగం గిన్నె అయ్యాక, తాడు చివర నీళ్ళ దగ్గర ఉన్నవాళ్ళెవరో ఏలేలో అని మెల్లగా అందుకున్నారు. పాట ఎత్తకుండానే అందుకున్నారు. ముసలాయన చేయి కడుక్కుని, "లోతున ఉండేది మన వాటా" అని ఒక్క వరస ఎత్తాడు. ఏలేలో అని తాడు పొడుగునా ఊరు పలికింది. రెండో వరసకు దగ్గు వచ్చింది. నేను మాస్కు ఎగలాక్కుని పరుగున పోయి, ఊపిరితిత్తులు ఇంకా కుదుటపడలేదు, పాటలు లేవు ఏమీ లేవని కేకలేశాను. సూదుల దొరసాని మళ్ళీ వచ్చిందిరా అన్నాడాయన. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు.

ఆంబులెన్స్ వచ్చింది. డ్రైవరు ఆ తాడును, ఆ జనాన్ని చూసి ఏం జాతరమ్మా ఇది అన్నాడు. డాక్టరు గారితో ఫోన్లో జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. మీటింగులో చప్పట్లు కొట్టించింది నేను కదా మేడం, మిగతా ఊళ్ళకు మనిద్దరం కలిసే ఫోన్లు చేద్దాం అన్నాడు. ఆ సాయంత్రం లోపల మూడు ఊళ్ళకూ చేశాము. రెండు చోట్ల మా మాట వేళకు అందింది. ఒకచోట దురాయి ఇంకా వేయనేలేదు, అక్కడి నర్సు నాకంటే తెలివైనది. పెద్దాయన ఊపిరి లెక్క మళ్ళీ చూసి, ఆంబులెన్స్‌ను ఆ పొద్దునే ఖాళీగా పంపించేశాము.

ఇక పాటలు. ఆయన విడిగా ఉండాల్సిన రోజులు ఇంకా కొన్ని మిగిలాయి. మాట్లాడించాలి, పాడనివ్వకూడదు. అందుకని ఒక ఉపాయం చేశాను. రోజూ సాయంత్రం కొట్టానికి పదడుగుల దూరంలో స్టూలు వేసుకుని కూర్చుని, మీ పాటలు పాడకుండా ఉత్త మాటల్లో చెప్పండి, రాసుకుంటాను అన్నాను. చేతిలో ఉన్నది జ్వరాల సర్వే రిజిస్టరే. వెనక నుంచి పేజీలు తిప్పి రాయడం మొదలుపెట్టాను. వల దించేటప్పటి పాట, లాగేటప్పటి పాట, వల ఖాళీగా వస్తే నవ్వుకోవడానికి పాడే పాట, తుఫానులో పోయినవాళ్ళను తలుచుకునే పాట. పోనుపోను ఎదురింటి కిటికీ తెరుచుకుంది. అక్కడి ముసలమ్మ, ఆ ముక్క అట్టా కాదని దిద్దడం మొదలుపెట్టింది. ఇంకో వారానికి వీధి వీధంతా ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని ఆయనతో వాదులాడేవారు. నేను అడ్డదిడ్డంగా రాసుకునేదాన్ని. ఆ రోజుల్లో నేర్చుకున్నాను, దూరంగా ఉన్నా మనుషులు దగ్గరగా ఉండొచ్చని. ఆలస్యంగా నేర్చుకున్నాను, చేతులు కాలాక.

తర్వాత ఆ రిజిస్టరు తనిఖీకి పోయింది. ముందు వైపు జ్వరాలు, వెనక వైపు ఏలేలో. పై ఆఫీసరు నన్ను పిలిపించి ఇదేమిటన్నారు. వైద్యమే సార్ అన్నాను. ఆయన రెండు పేజీలు చదివి, రిజిస్టరు ఆఫీసుకు కావాలి గాని ముందు ఇవి వేరే పుస్తకంలోకి ఎక్కించుకోండి అని వారం గడువిచ్చారు. ఆ దయ చిన్నది కాదు. రిటైరయ్యాక ఆ పుస్తకం మా ఊరి తెలుగు మాస్టారు చూడటం, అచ్చు వేయించడం, సంఘంవాళ్ళ కంట పడటం తర్వాత జరిగినవి.

సభలో అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. మాస్టారికి, సంఘానికి, మా ఆయనకు, ముందు వరసలో కూర్చున్న ఆశా పిల్లకు. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది, నా పేరు పిలిచినప్పుడు నాకంటే ముందు లేచి నిలబడింది. పాటపెద్దను కూడా కారు పెట్టి తీసుకొస్తామని చెప్పాము. ఆ రోజు పెద్దవల వేస్తున్నారు, నేను రానని కబురు పంపాడు. కరోనా గురించి మాట్లాడుతూ, మహమ్మారిలో పాటలే మాకు ధైర్యమిచ్చాయని నున్నగా నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

మర్నాడు శాలువా సంచిలో పెట్టుకుని పాళేనికి పోయాను. ఆయన ఎప్పటిలాగే రెండు తాళ్ళ మధ్య ఇసకలో కూర్చుని ఉన్నాడు. వల ఒడ్డుకు చేరింది, చేపలు పంచుతున్నారు. శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పాను, ఇది మీది అన్నాను. అంచు వేళ్ళతో నలిపి చూసి, ఎండకు పనికిరాదు, చలికి చాలదు అన్నాడు. కానీ తీసేయలేదు. సభ ఎట్టా జరిగిందో అన్నీ అడిగాడు. ఎంతమంది వచ్చారు, ఏం పెట్టారు, ఎవరేం మాట్లాడారు. చివరకు నా వైపు తిరిగాడు.

"దురాయి సంగతి జెప్పినావా?"

చెప్పలేదన్నాను. మాట్లాడటానికి అయిదు నిమిషాలే ఇచ్చారని నసిగాను. ఆయనకు కోపం రాలేదు. నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు.

"అది లేకపోతే నువ్వు నా ముందర స్టూలేసుకోని కూర్చోనుంటావా, నేను జెప్పుంటానా? ఆ పొద్దు తాడుకాడ జెప్పినావు, బాగుండాది. నిన్ను మెచ్చుకున్నోళ్ళకు గూడా తెలియాల గదా."

పంపకం అయిపోయింది. లాగినవాళ్ళ వాటాలు, వల వాటా, పాట వాటా. ఆయన తన కుప్పలో నుంచి మంచి చేపలు నాలుగు తీసి విడిగా పెట్టాడు. పాట రాసినోళ్ళకు కూడా వాటా ఉంది, ఇది నీది అన్నాడు. నేను సంచి నోరు తెరిచాను. ఆయన చేపల మీద తడి గోనె కప్పేశాడు.

"వాళ్ళకు జెప్పిరా. అప్పుడిస్తా."

ఉత్త చేతులతో బస్సెక్కాను. దారంతా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను, కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. అవార్డు ఇచ్చినవాళ్ళకు నేను రుణపడ్డాను, సందేహం లేదు. అంతకంటే ముందు, ఒక ముసలాయన ఆకలితో ఉంటూ కూడా నాకు జరిమానా పడకూడదనుకున్నాడు. ఆ రుణానికి కృతజ్ఞత అనే మాట చాలదు, అయినా నా దగ్గర ఉన్నది అదే.

ఇప్పుడు చెప్పేశాను. ఇది అచ్చయ్యాక ఆ కాగితం తీసుకుని పెద్దవల వేసే రోజు చూసుకుని పోతాను. ఆయన పక్కన ఇసకలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపిస్తాను. ఈసారి సంచి కొంచెం పెద్దది తీసుకుపోవాలి, నాలుగు చేపలు పట్టేది.